ఆముదం తాగిన విమానాలు

మన సంచికలలో చార్మినారు గురించీ, మూసీ వరదల గురించీ, ఏడవ నిజాం గారి పొదుపు గురించీ మిత్రులు ఇదివరకే చాలా రాశారు. అందుచేత ఎవరూ ముట్టని విషయం ఒకటి ఎన్నుకున్నాను. అది ఆముదం. నవ్వకండి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎగిరిన విమానాలలో చాలావాటికి ఆముదం లేనిదే ఇంజను తిరిగేది కాదు. ఆ ఆముదపు గింజలకు ప్రపంచమంతా మన దేశం వైపు చూసేది. దేశంలో పేరెన్నికగన్న ప్రాంతాలలో మన హైదరాబాదు సంస్థానం ఒకటి. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల చెలకల్లో వానాధారంగా పండే పంట అది.

ఆ ఇంజన్ల సంగతి ముందు చెప్పాలి. వాటిని రోటరీ ఇంజన్లు అనేవారు. మామూలు ఇంజనులో సిలిండర్లు కదలకుండా ఉంటాయి, లోపల ఇరుసు తిరుగుతుంది. ఇందులో అంతా తలకిందులు. ఇరుసును విమానానికి కదలకుండా బిగిస్తారు. చుట్టూ పువ్వు రేకుల్లా అమర్చిన సిలిండర్లన్నీ ముందున్న పంఖాతో కలిసి నిమిషానికి వెయ్యికి పైగా చుట్లు గిరగిర తిరుగుతాయి. ఫ్రాన్సులో సెగాన్ సోదరులు తయారుచేసిన ఏడు సిలిండర్ల, 50 హార్స్ పవర్ 'నోమ్' ఇంజను 1909లో రీమ్స్ పట్టణపు విమాన పోటీలలో అందరినీ ఆశ్చర్యపరచింది. తిరుగుతున్నందున గాలికే చల్లబడేది. నీళ్ళూ, రేడియేటరూ అక్కరలేదు గనుక బరువు తక్కువ. మన దేశస్థుడు హర్దిత్ సింగ్ మాలిక్ 1917లో యుద్ధరంగంలో నడిపిన సాప్‌విత్ కామెల్ విమానానిది కూడా రోటరీ ఇంజనే.

అయితే దీనికి ఒక చిక్కు ఉంది. పెట్రోలు, గాలి కలిసిన ఆవిరి ఇంజను కడుపులోగుండానే సిలిండర్లకు పోవాలి. అక్కడ మామూలు ఖనిజ తైలం పోస్తే పెట్రోలు దానిని కరిగించి పలచన చేసి, కందెన లేకుండా చేస్తుంది. ఆముదం పెట్రోలులో అంత సులభంగా కరగదు. పైగా చిక్కన, వేడికి తట్టుకుంటుంది. కాబట్టి ఆముదమే పోయవలసి వచ్చింది. పోసిన నూనె తిరిగి రాదు. గంటకు లీటర్ల కొద్దీ పొగతో కలిసి వెనక్కి చిమ్మేది. తెరిచిన విమానంలో కూర్చున్న పైలటు ముఖం మీద, కళ్ళద్దాల మీద, నోట్లోకి కూడా పోయేది. తరువాత ఏమయ్యేదో మా తరం వారికి వివరించనక్కరలేదు. శాలిబండలోని మా ఇంట్లో నాయనమ్మ నెలకొకసారి ఆదివారం ఉదయం చెంచాతో ఆముదం పట్టించేది. ఆ రోజు బడి లేకపోవడం ఎంత అవసరమో తాగినవారికే తెలుసు. ఆ పైలట్ల పొట్టలకు మాత్రం ఆదివారమని, సోమవారమని లేదు!

యుద్ధం ముదిరేసరికి ఆముదం యుద్ధసామగ్రి అయిపోయింది. అమెరికా కూడా యుద్ధంలో దిగాక, అక్కడ లక్ష ఎకరాలలో నాటడానికి సరిపడే విత్తనాన్ని ఆసియా నుంచి ఓడలో తెప్పించుకుంది. మన సంస్థానపు గింజలు రైలెక్కి వాడి మీదుగా బొంబాయి చేరేవి. గింజ నూనె అయ్యాక అది ఏ ఊరిదో అడిగేవారు ఉండరు.

ఇక్కడే ఒక విచిత్రం ఉంది. యుద్ధం చివరి ఏడాది 1918లో, నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గారు బ్రిటిషు వైమానిక దళం 110వ స్క్వాడ్రన్‌కు మొత్తం విమానాలు బహూకరించారు. ప్రతి విమానం మీదా ఆ సంగతి రాయించారు. దానికి 'హైదరాబాద్ స్క్వాడ్రన్' అనే పేరు స్థిరపడింది. అవి డి.హెచ్.9ఏ రకం. పాత డి.హెచ్.9కు ఇంజను బలం చాలక, ఆ నమూనాను సవరించి 400 హార్స్ పవర్ అమెరికన్ లిబర్టీ ఇంజను బిగించారు. అది రోటరీ కాదు. సిలిండర్లు స్థిరంగా ఉండే రకం గనుక ఖనిజ తైలంతోనే నడిచేది. అంటే హైదరాబాదు పేరు మోసిన విమానానికి ఆముదం అక్కరలేదు, ఆముదం తాగిన విమానాల మీద మన పేరు లేదు. వాటిలో ఎఫ్1010 అనే విమానం 1918 అక్టోబరు 5న జర్మన్ల చేతికి చిక్కి, బెర్లిన్ మ్యూజియం చేరి, రెండవ యుద్ధకాలంలో పోలండుకు తరలి, 1977లో ఒక స్పిట్‌ఫైరుకు బదులుగా ఇంగ్లండులోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియానికి వచ్చింది. దాత పేరు భద్రంగా ఉంది, ఉండవలసిందే. కానీ ముప్పై అయిదేళ్ళు రిజిస్టర్లు పూరించిన నా కంటికి, చెలక రైతు పేరు రాయవలసిన గడి ఖాళీగానే కనబడుతోంది.

యుద్ధం తరువాత రోటరీ ఇంజను త్వరగానే మూలపడింది. అంత బరువు తిరుగుతూ ఉంటే విమానం ఒక పక్కకు లాగేది. ఇంతకంటే బలం పెంచడం కూడా కుదరలేదు. కానీ పూర్తిగా చావలేదు. సొంత షెడ్లలో పాత యుద్ధ విమానాల నకళ్ళు కట్టుకునే ఔత్సాహికులు విదేశాలలో ఉన్నారు. వారిలో చాలామంది ఖర్చుకు వెరచి, గుండ్రని మూత వెనుక ఆధునిక ఇంజను దాచి సరిపెట్టుకుంటారు. పట్టుదల గలవారి కోసం న్యూజిలాండులోని బ్లెనిమ్ పట్టణంలో నోమ్ ఇంజన్లను పాత నమూనా ప్రకారం కొత్తగా తయారుచేశారు.

రోటరీ అనే పేరు ఇప్పుడు జర్మనీకి చెందిన వాంకెల్ గారి ఇంజనుకూ వాడుతున్నారు. అది వేరు. అందులో మూడు మూలల రోటరు మాత్రమే తిరుగుతుంది. మాజ్డా కారులోని ఆ ఇంజనును ఊడదీసి సొంత విమానానికి బిగించేవారున్నారు. అది మరీ వేగంగా తిరుగుతుంది గనుక పంఖాకు సరిపడేలా గేర్లతో వేగం తగ్గించాలి, పెద్ద రేడియేటరు పెట్టాలి. పొగగొట్టం వేడికి సైలెన్సర్లు కాలిపోకుండా చూసుకోవాలి. మన దేశంలో తయారైన వాంకెల్ ఇంజనుతో 'నిశాంత్' అనే పైలటు లేని విమానం 2009లో కోలారు దగ్గర ఎగిరింది. దానికి మా నాయనమ్మ మందు పనిలేదు.

నోమ్ ఇంజను నడిపేవారు మాత్రం ఈనాటికీ ఆముదమే పోస్తున్నారు. మన వైపు చెలకల్లో ఆముదం తగ్గి పత్తి పెరిగింది, ఇప్పుడు ఈ పంటలో గుజరాత్ ముందుంది. రాజేంద్రనగర్‌లోని నూనెగింజల పరిశోధన సంస్థలోనూ, పాలెం పరిశోధన కేంద్రంలోనూ ఆముదం మీద పని సాగుతూనే ఉంది.