ఒక పువ్వా? పువ్వుల గుత్తియా?

జెముడు, ఆముదము ఒకే కుటుంబపు మొక్కలని నేడు చదువుచున్నాము. కాని 1753లో లిన్నేయస్ వీనిని వేరు చేసెను. ఆయన పద్ధతిలో కేసరముల సంఖ్య ముఖ్యము. జెముడు పువ్వులో అనేక కేసరములను చూచి, దానిని 12 కేసరముల తరగతిలో నుంచెను. ఆముదమును మగపువ్వులు, ఆడపువ్వులు ఒకే మొక్కపై విడివిడిగా నుండు తరగతిలో చేర్చెను.

1789లో ఫ్రాన్సు దేశీయుడగు ఆంత్వాన్ లోరాన్ ద జుస్సియో పెక్కు లక్షణములను కలిపి చూచి, రెండింటిని ఒకే కుటుంబమున కూర్చెను. అదియే యుఫోర్బియేసీ.

1814లో రాబర్ట్ బ్రౌన్ అసలు చిక్కు విప్పెను. జెముడు కేసరపు కాడ నడుమ ఒక అతుకున్నది. అతుకునకు పైభాగమే కేసరము. క్రిందిది పువ్వు తొడిమ. అనగా ఒక్కొక్క కేసరము ఒక మగపువ్వు! మధ్య నున్న అండాశయము ఒక ఆడపువ్వు. గిన్నెవలె కన్పడునది పువ్వు కాదు, పువ్వుల గుత్తి.

ఈ కుటుంబములో కొన్ని మొక్కలకు అండాశయపు గదికి ఒక అండము, కొన్నింటికి రెండు. డి.ఎన్.ఏ. పరిశోధనలు ఈ భేదమునకు బలము చేకూర్చినవి. అందుచే 2003 నాటి వర్గీకరణలో రెండండముల ఉసిరి, నేల ఉసిరి ఫిల్లాంథేసీ అను వేరొక కుటుంబమునకు చేరినవి. ఆముదము, కర్రపెండలము, రబ్బరు పాత కుటుంబముననే నిలిచినవి. పాత పుస్తకములలో ఉసిరి ఇంకను యుఫోర్బియేసీలోనే కన్పడును.

విద్యార్థులు జెముడు గుత్తిని భూతద్దముతో చూచి ఆ అతుకును వెదకవలెను. పాలు మాత్రము కంటికి తగులనీయరాదు.