ఆబోతులెన్ని?

పుంగనూరు ఆవుల సంఖ్య బాగా పెరిగిందని ఎవరైనా చెబితే నేను వెంటనే అడిగేది ఒకటే: ఆబోతులెన్ని? పుంగనూరు, మదనపల్లె, కుప్పం పశువుల ఆస్పత్రుల్లోనే నా ఉద్యోగమంతా గడిచింది. గణన వచ్చినప్పుడల్లా ఫారాలు పట్టుకుని కొట్టాల వెంట తిరిగాను. మొత్తం అంకెను చూసి మురిసిపోవడం నాకు చేతకాదు.

మన దేశంలో పశుగణన 1919లో మొదలైంది. ఐదేళ్లకోసారి జరగాల్సిన ఈ లెక్కలో చాలాకాలం జాతి పేరు రాసే చోటే లేదు. ఒంగోలు గిత్తయినా, కుప్పం సరిహద్దుల్లో కనిపించే హళ్లికార్ ఎద్దయినా, మూడడుగులు దాటని మా ఆవైనా ఒకే గడిలో పడేవి. దేశవాళీ పశువులు తగ్గుతున్నాయని కాగితం చెప్పేది. వాటిలో ఏ జాతి అడుగంటుతోందో చెప్పేది కాదు. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతి పైవాళ్లకు చేరాలంటే దానికో గడి ఉండాలి మరి.

పుంగనూరు, పలమనేరు, మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు ఈ నాటావు పుట్టినిల్లు. ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు, బరువు 115 నుంచి 200 కిలోల దాకా. వెడల్పాటి నొసలు, పొట్టి కొమ్ములు, నేలను తాకే తోక. వానలు ముఖం చాటేసిన ఏడు కూడా చెనిక్కాయ కట్టె, గట్ల మీది కసువుతో నెట్టుకొచ్చేది. తేలిక నేలల్లో మడక లాగేది. ఇచ్చే పాలు కొంచెమే, రోజుకు రెండు మూడు లీటర్లు. కాని వాటిలో వెన్న 8 శాతం దాకా ఉంటుంది.

వెన్నకు ధర కట్టినా చివరికి గెలిచింది లీటర్లే. 1970లో ఆపరేషన్ ఫ్లడ్ మొదలయ్యాక పాలకేంద్రాలు పెరిగాయి, జెర్సీ, హోల్‌స్టీన్ వీర్యం పల్లెలకు వచ్చింది. అప్పులున్న రైతు పది లీటర్లిచ్చే సీమావును కోరుకోవడంలో తప్పేముంది? బోరుబావుల కింద టమోటా వేసి, పాలబిల్లుతో ఇల్లు నడిపిన మదనపల్లె రైతును నేనైతే తప్పుపట్టను. అసలు దెబ్బ ఆబోతుకు తగిలింది. సూది వేయడానికి మనిషి ఇంటికే వస్తుంటే ఊరికొక ఆబోతును ఊరికే మేపేదెవరు? మిగిలిన నాటు కోడెలను నాసిరకమని వట్టలు నొక్కించారు. ఆవు ఎదకొస్తే కట్టించడానికి దాని జాతి ఆబోతే ఉండదు, సీమ సూదే గతి. అలా తల్లి పుంగనూరే అయినా కడుపున పుట్టింది పుంగనూరు కాకుండా పోయింది. ఆవులు చావకుండానే జాతి సన్నగిల్లింది.

ఆబోతులు తగ్గితే జాతి ఎంత సన్నగిల్లుతుందో లెక్కగట్టడానికో సూత్రముంది. ఆవుల సంఖ్యనూ ఆబోతుల సంఖ్యనూ గుణించి, దాన్ని నాలుగింతలు చేసి, రెండింటి కూడికతో భాగించాలి. 100 ఆవులకు రెండే ఆబోతులుంటే వచ్చేది ఎనిమిది లోపే. కంటికి 102 తలలు కనిపిస్తాయి, జాతి వైవిధ్యానికి మాత్రం అవి ఎనిమిదితో సమానం. ఆబోతులను పదికి పెంచితే అదే 36 దాటుతుంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ కూడా ఆడవాటితో ఆగదు. ఈనే ఆడవి 100కు మించకపోయినా, మగవి ఐదుకు మించకపోయినా ఆ జాతి అత్యంత ప్రమాదంలో ఉన్నట్టే లెక్క.

పలమనేరు పశు పరిశోధనా స్థానంలో ఒక మందను కాపాడుకొచ్చారు కాబట్టి సరిపోయింది. 2013 నాటి జాతులవారీ సర్వేలో పుంగనూరువి మూడు వేల లోపే తేలాయి. 2019 గణనలో ట్యాబులు పట్టుకుని, పశువు పశువుకూ జాతి రాసుకున్నారు. ఈసారి 13 వేలు దాటాయి. ఆరేళ్లలో నాలుగింతలకు పైగా! ఆవు ఏడాదికి ఒక్క దూడనే ఈనుతుంది, అందులో సగం కోడెలు. ఈ పెరుగుదలంతా ఈనికల వల్లే వచ్చిందంటే నేను ఒప్పుకోను. మొదటిది నమూనా సర్వే, రెండోది ఇంటింటి లెక్క. ఆ తేడా కొంత. లక్షలు పలికే ధర చూసి, పొట్టిగా ఉన్న ప్రతి ఆవునూ పుంగనూరనే వ్యాపారం కొంత. లక్షణాలు కొంతమేరకే ఉన్నవాటిని గ్రేడెడ్‌గా విడిగా చూపిస్తారు గాని, పేపర్లో వచ్చేది మొత్తమే.

2020లో రాష్ట్ర ప్రభుత్వం ‘మిషన్ పుంగనూరు’ మొదలుపెట్టి, ఐవీఎఫ్‌తో మేలైన దూడలను పుట్టించాలనుకుంది. 2024 సంక్రాంతికి ప్రధాని తన నివాసంలో ఈ ఆవులకు మేత పెడుతున్న ఫొటోలు వచ్చాక గిరాకీ ఇంకా పెరిగింది. ఎక్కడెక్కడి బంగళాల్లోకో పోతున్నాయి. ఒంటరిగా బంగళాలో పెరిగే ఆవుకు ఆబోతును ఎవరు వెతుకుతారు?

అదే ఏడాది అక్టోబరులో 21వ పశుగణన ఆరంభమైంది. మా వీధిలోకి వచ్చిన కుర్రాడు ఒక పొట్టి ఆవు ముందు ఫోను పట్టుకుని నిలబడ్డాడు.

‘‘సార్, ఇది పుంగనూరేనా? ఏమని కొట్టేది?’’

‘‘ముందు టేపు తీయప్పా. భుజం దగ్గర ఎత్తు కొలువు, తోక చూడు. తరవాత దీన్ని దేనితో కట్టించారో ఇంటాయన్ని అడుగు’’ అన్నాను.