తులసివనమూ, దోమలూ: ఒక నమ్మకం చరిత్ర

తెలుగువారి ముంగిట తులసికోట, పెరట్లో వేపచెట్టు, బావిగట్టున మరువం, దవనం ఉండడం నిన్నమొన్నటి ఆచారం కాదు. సంధ్యవేళ వేపాకు, వావిలాకు పొగ వేసి దోమలను తరమడం పల్లెలలో తరతరాలుగా ఉన్నదే. ఇటీవల నగరాల మేడల మీద కూడా ఈ మొక్కలకు గౌరవం పెరిగింది. తులసి, నిమ్మగడ్డి, బంతి కుండీలలో పెంచితే చాలు, దోమలు దరిచేరవన్న మాట తరచు వినవస్తోంది. ఈ మాటకు నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. అందులో మన దేశానికి ముఖ్యమైన పాత్ర ఉంది.

మలేరియా అన్న పదానికి మూలార్థం చెడుగాలి. చిత్తడి నేలల నుంచి లేచే దుర్వాసనే జ్వరానికి కారణమని శతాబ్దాల పాటు వైద్యులు విశ్వసించారు. చెడుగాలికి విరుగుడు సువాసన అనుకోవడం అప్పుడు సహజమే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని కనుగొనడంతో ఆ సిద్ధాంతం కూలిపోయింది. మరుసటి సంవత్సరం కలకత్తాలో పక్షుల మీద జరిపిన ప్రయోగాలతో, దోమకాటు ద్వారానే వ్యాధి వ్యాపిస్తుందని ఆయన నిరూపించాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. సిద్ధాంతం మారినా సువాసన మీది నమ్మకం మాత్రం పోలేదు. గాలిని శుద్ధి చేస్తుందనుకున్న మొక్కే ఇప్పుడు దోమను తరుముతుందన్నారు.

1903లో సర్ జార్జ్ బర్డ్‌వుడ్ లండన్ 'టైమ్స్' పత్రికకు ఒక లేఖ రాశాడు. బెల్గాములో పుట్టి, బొంబాయిలో చాలాకాలం వైద్యుడుగా పనిచేసిన విద్వాంసుడాయన. బొంబాయి విక్టోరియా ఉద్యానం ఏర్పడుతున్న రోజుల్లో పనివారు దోమలతో, జ్వరాలతో బాధపడ్డారనీ, హిందూ నిర్వాహకుల సలహాపై తోట సరిహద్దు పొడుగునా తులసి నాటించగా ఆ బాధ తొలగిందనీ ఆ లేఖ సారాంశం. అదే కాలంలో ఉత్తర నైజీరియా నుంచి కెప్టెన్ లారిమోర్ అనే అధికారి, అక్కడ పెరిగే మరొక తులసి జాతి మొక్కను గురించి ఇటువంటి వార్తనే పంపాడు.

ఈ వాదాన్ని సియెర్రా లియోన్‌లో డాక్టర్ ప్రౌట్ పరీక్షకు పెట్టాడు. పెరుగుతున్న మొక్క దోమలను తరమడంలో దాదాపు నిష్ప్రయోజనమని తేలింది. కోసిన ఆకులను దోమల పక్కనే ఉంచినా వాటికి హాని కలగలేదు. ఆకులు కాల్చిన పొగకు మాత్రం దోమలు మత్తిల్లి చనిపోయాయి. అయితే అంత దట్టమైన పొగలో మనిషి కూడా ఉండలేడు. దోమతెరకు ఈ మొక్క ప్రత్యామ్నాయం కాదని ఆయన నిర్ణయం.

ఈ ఫలితంలో మన పెద్దల ఆచారానికి అవమానమేమీ లేదు. సుగంధ తైలం ఆకులోని సూక్ష్మగ్రంథులలో దాగి ఉంటుంది. ఆకును నలిపినప్పుడో, కాల్చినప్పుడో, తైలం తీసినప్పుడో అది ధారాళంగా వెలువడుతుంది. మన పల్లెవాసులు ఆకును పొగ వేశారే గాని, చెట్టు ఉంది కదా అని ఊరుకోలేదు. నిమ్మగడ్డి కుటుంబానికి చెందిన సిట్రొనెల్లా గడ్డి నుంచి తీసిన తైలం దోమల నివారణకు వాడుకలోకి వచ్చింది గాని, కుండీలోని గడ్డి ఆ పని చేయలేదు. తైలం ప్రభావమైనా కొద్ది గంటలే.

బొంబాయి చరిత్రలోనే మరొక అధ్యాయం ఉంది. 1911లో డాక్టర్ బెంట్లీ ఆ నగరపు మలేరియాను పరిశోధించి, ఇళ్ల ఆవరణలలోని బావులే దోమలకు పుట్టిళ్లని చూపాడు. బావులు మూయించాలనేసరికి మతాచారాల దృష్ట్యా అభ్యంతరాలు బయలుదేరాయి. తోట సరిహద్దున తులసి నాటడం ఎవరికీ కష్టం కాదు. ఇంటి బావి మూయడం కష్టం. కాని జ్వరం మూలం ఆ నీటిలోనే ఉంది.

నేటి పెరటి తోటకు ఈ పాఠం మరీ దగ్గరగా వర్తిస్తుంది. డెంగ్యూను వ్యాపింపజేసే ఈడిస్ దోమకు చెంచాడు నిలవనీరు చాలు. పూలకుండీ కింది పళ్లెం, మొక్కలకు నీరు పట్టి ఉంచిన తొట్టె దానికి అనువైన చోట్లు. గుడ్డు దోమగా మారడానికి వేసవి వేడిలో వారం, పది రోజులు పడుతుంది. నీరు ఎండినా పళ్లేనికి అంటుకున్న గుడ్లు నెలల తరబడి బతికి ఉంటాయి. కనుక వారానికొకసారి నీరు పారబోయడమే కాక, పళ్లేన్ని తోమి ఆరబెట్టాలి. దోమలను తరుముతుందని తెచ్చుకున్న మొక్కే, ఈ శ్రద్ధ లేకపోతే వాటికి నివాసం కల్పిస్తుంది.

తులసిని పూజించడానికి, నిమ్మగడ్డిని కషాయానికి, మరువాన్ని మాలకు పెంచుకోవడం మన సంస్కృతిలో భాగం. ఆ ఆనందాన్ని ఎవరూ కాదనరు. పిల్లవాడి మంచానికి దోమతెర కట్టి, కుండీ కింద పళ్లెం ఆరబెట్టిన తరువాత ఆ పరిమళాన్ని నిశ్చింతగా ఆస్వాదించవచ్చు.