మైనస్ 127

ల్యాప్‌టాప్ తెర మీద అంకె పడుతుంది: -127.00.

మళ్లీ -127.00. సెకనుకోసారి అదే అంకె. నెత్తి మీద ఫ్యాను గిరగిరా తిరుగుతున్నా నీ మెడ వెనక చెమట కారుతూనే ఉంది. నీ ముందున్న టెంపరేచర్ సెన్సార్ మాత్రం ఈ గదిలో సున్నాకి 127 డిగ్రీల కింద చలి ఉందంటోంది.

"పాడైపోయిందే ఇది. మేడమ్‌ని వేరేది అడుగుదాం," అంటుంది పక్కనున్న అమ్మాయి.

ఇది గవర్నమెంటు హైస్కూలు సైన్సు గది. ఏడాది 2022. స్వాతంత్ర్యం వచ్చి 75 ఏళ్లయిన సందర్భంగా, దేశంలోని 75 ప్రభుత్వ బడుల నుంచి 750 మంది అమ్మాయిలు ఒక ఉపగ్రహం కోసం పనిచేస్తున్నారు. దాని పేరు ఆజాదీశాట్. చెన్నైలోని స్పేస్ కిడ్జ్ ఇండియా చేయిస్తోంది. ఆ 750 మందిలో నువ్వొకర్తివనుకో. నీది పదో తరగతి. పక్క గదిలో స్పెషల్ క్లాసు నడుస్తోంది, ఈపాటికి హాజరులో నీ పేరు పిలిచేసే ఉంటారు.

సెన్సార్ మార్చేస్తావా? ఉన్నదాన్నే ఇంకోసారి చూస్తావా?

చూస్తావు. దానికి మూడు కాళ్లు, మధ్యది డేటా కాలు. దానికి వెళ్లే పసుపు వైరు బ్రెడ్‌బోర్డు రంధ్రంలోకి సగమే దిగింది. బొటనవేలితో నొక్కుతావు.

31.44.

మరి -127 ఏమిటి? అది చలి కాదు. సెన్సార్ దగ్గర్నుంచి జవాబు రానప్పుడు ప్రోగ్రాం చూపించే గుర్తు. వైరు వదులైతే చాలు, మంచి సెన్సారే చచ్చినదానిలా కనిపిస్తుంది.

ఫిజికల్ సైన్స్ మేడమ్ నీ భుజం మీదుగా తెర చూస్తోంది. "సరే, పైకి వెళ్లాక వైరు నొక్కడానికి నువ్వుండవు కదమ్మా. కోడ్‌లో ఏం రాస్తావు? ఒక్కసారి తప్పు చెబితే సెన్సార్‌ని వదిలేయమంటావా?"

ఒక్కసారికే వదిలేస్తే తొందరపాటు. ఎప్పటికీ వదలకపోతే పిచ్చి అంకెలతోనే లెక్కలు నడుస్తాయి. వరసగా పదిసార్లు, అని టైపు చేస్తావు. పదే ఎందుకంటే నీ దగ్గర జవాబు లేదు.

ఆగస్టు 7. సూళ్లూరుపేట దాటాక బస్సుకి రెండు వైపులా పులికాట్ సరస్సే. శ్రీహరికోటలో, జనం కూర్చుని ప్రయోగం చూసే గ్యాలరీలో ఉన్నావు. దూరంగా ఇస్రో రాకెట్టు ఎస్ఎస్ఎల్‌వీ నిలబడి ఉంది. 34 మీటర్ల ఎత్తు, 120 టన్నుల బరువు. ఇలాంటి రాకెట్టు ఎగరడం ఇదే మొదటిసారి. దాని తలలో ఎనిమిది కిలోల ఆజాదీశాట్ ఉంది. అందులో 75 పరికరాలు, ఒక్కోటి 50 గ్రాముల లెక్కన. ఒకటి మీ బడిది.

ఉదయం 9 గంటల 18 నిమిషాలు.

వెలుగు. పొగ. చప్పుడు లేదు. కిలోమీటరు దూరం రావడానికి శబ్దానికి మూడు సెకన్లు పడుతుంది. ఇదిగో, వచ్చింది. చెవికన్నా ముందు గుండెలో తగులుతుంది.

రాకెట్టు మబ్బుల్లోకి దూరిపోతుంది. దీని మూడు దశల్లోనూ ఘన ఇంధనమే. తారాజువ్వకి లాగే ఒకసారి అంటుకున్నాక ఆపడమంటూ ఉండదు.

మైకులో మొదటి దశ విడిపోయిందంటారు. చప్పట్లు. రెండో దశ. చప్పట్లు. మూడో దశ. నీ చేతులు మండుతున్నాయి.

తర్వాత మైకు ఆగింది.

అందరూ తెర వైపే చూస్తున్నారు. ఎవరూ చప్పట్లు కొట్టట్లేదు. నువ్వు మేడమ్ మొహం చూస్తావు. మేడమ్ నిన్ను చూడదు.

ఇస్రో చైర్మన్ సోమనాథ్ మాట్లాడుతున్నారు. మూడు దశలూ అనుకున్నట్టే పనిచేశాయి. ప్రయాణం చివర్లో డేటా అందట్లేదు. పరిశీలిస్తున్నాం.

"మనది బాగానే ఉందా మేడమ్?"

జవాబు లేదు.

తర్వాత కబురు తెలుస్తుంది. 356 కిలోమీటర్ల ఎత్తున గుండ్రంగా తిరగాల్సిన ఉపగ్రహం, ఒకవైపు 356, ఇంకోవైపు 76 కిలోమీటర్ల ఎత్తుండే కోలకక్ష్యలో పడింది. 76 దగ్గర గాలి ఉంటుంది. ఆ గాలి లాగేస్తుంది. అది ఇక పనికిరాదు.

ఇంట్లో "పోయిందా?" అని ఒక్క మాటే అడుగుతారు. కొన్నాళ్లకి, రెండో ఉపగ్రహం చేస్తారట, ఉంటావా అని మేడమ్ అడుగుతుంది. స్పెషల్ క్లాసులున్నాయి, స్లిప్ టెస్టులున్నాయి. వద్దన్నా ఎవరూ ఏమీ అనరు. ఉంటానంటావు. అది ధైర్యమేం కాదు, పోయినసారి ఎక్కడ చెడిందో నీకింకా తెలీదు.

కారణాన్ని తర్వాత ఇస్రోయే బయటపెట్టింది. మేడమ్ ఫోన్‌లో చదువుతున్నావు. రెండో దశ విడిపోయేటప్పుడు ఒక్క క్షణం గట్టి అదురు వచ్చింది. వేగంలో మార్పును కొలిచే యాక్సిలరోమీటర్ల అంకెలు ఆ క్షణంలో హద్దు దాటాయి. వాటిని గమనిస్తున్న సాఫ్ట్‌వేర్, సెన్సార్లు చెడిపోయాయని తీర్పిచ్చేసింది. రాకెట్టు వాటి మాట వినడం మానేసి ముందే రాసిపెట్టిన దారిన పోయింది. వేగం కాస్త తగ్గింది. ఆ కాస్తకే అంతా పోయింది.

ఇంతా చేసి సెన్సార్లు చెడిపోలేదు.

నీ "పది" గుర్తొస్తుంది. ఒళ్లు జలదరిస్తుంది.

బడికొచ్చి శాలువా కప్పించుకుని "మీరంతా సైంటిస్టులు కావాలి" అని చెప్పి కారెక్కే పెద్దమనుషులు ఈ ముక్క చెప్పరు. ఒక సెన్సార్ ఎంతసేపు తప్పు చెబితే దాన్ని వదిలేయాలో కూర్చుని తేల్చడం ఒక ఉద్యోగం. దానికి జీతమిస్తారు. వైరు నొక్కి చూసిన పిల్లకి ఇది ఒక్క వాక్యంలో అర్థమవుతుంది.

2023 ఫిబ్రవరి 10. మళ్లీ 9:18. ఈసారి బడిలోనే, ప్రొజెక్టర్ ముందు. ఎస్ఎస్ఎల్‌వీ రెండోసారి లేస్తోంది. రెండో దశను విడదీసే ఏర్పాటును అదురు తగ్గేలా మార్చారు. సెన్సార్ల మీద తీర్పిచ్చే తర్కాన్నీ సరిచేశారు. నీకు ఆ ఒక్క క్షణమే కావాలి.

రెండో దశ విడిపోయింది.

ఊపిరి బిగబట్టావు. తెర మీద రాకెట్టు దారి చూపే గీత పక్కకి వంగలేదు. మూడో దశ. ఇంకా వెళ్తోంది. పావుగంట కూడా ఇంత సాగుతుందా? 450 కిలోమీటర్లు. ఈవోఎస్-07 ఉపగ్రహం విడిపోయింది. జానస్-1, ఆజాదీశాట్-2 కూడా! గది దద్దరిల్లిపోతుంది. హెడ్మాస్టర్ గారు తలుపు దగ్గర నిలబడి ఏదో అంటున్నారు, ఎవరికీ వినపడట్లేదు.

గోల తగ్గాక మేడమ్ దగ్గరికి వెళ్తావు. "ఆ తీర్పిచ్చే కోడ్ రాసేవాళ్లు ఏం చదువుతారు మేడమ్?"

"ఇంటర్లో ఎంపీసీ. తర్వాత జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో మంచి ర్యాంకు వస్తే తిరువనంతపురంలో అంతరిక్ష చదువుల ఐఐఎస్‌టీ ఉంది. లేదంటే ఇంజనీరింగ్ చేసి ఇస్రో పరీక్ష రాయొచ్చు. పాలిటెక్నిక్ డిప్లొమా వాళ్లనీ, ఐటీఐ చేసినవాళ్లనీ కూడా తీసుకుంటారు. అందరూ కోడే రాయరు, ఆ సెన్సార్లు బిగించేవాళ్లూ కావాలిగా."

"మరి నా కోడ్‌లో పది బదులు ఎంత పెట్టాలి?"

మేడమ్ బీరువా తీసి ఒక యాక్సిలరోమీటర్ బోర్డూ, టేపు చుట్టా నీ చేతిలో పెడుతుంది. "బల్లకి అతికించు. పిడికిలితో ఒక్కటి గుద్దు. అదురు ఎంతసేపుంటుందో ముందు కొలువు, అంకె సంగతి తర్వాత. గంటలో అయిపోవాలి, ప్రీ ఫైనల్ ఎల్లుండే."