లంబసింగి జలపక్షులు

పుష్యమాసమున నొక ప్రాతఃకాలమున మేము లంబసింగికి సమీపముననున్న తాజంగి జలాశయపు గట్టుపై గూర్చుండి పక్షులకై వేచియుంటిమి. సుమారు 1000 మీటర్ల యెత్తుననున్న ఆ సీమయందు మంచు నీటి నంతయు గప్పియుండెను. చేతిలోని దుర్భిణి నిష్ప్రయోజన మయ్యెను. మాకు దోడువచ్చిన గిరిజన వృద్ధుడు "ముందు కూత వినండి బాబూ! పిట్ట తరువాత అగపడుతుంది" అనెను. మంచు విడిపోగా ఆయన చూపిన చోటనే నీటికోళ్లును నొక నీటికాకియు గానవచ్చెను.

గల్ అని ఇంగ్లీషున బిలువబడు తెల్లని పక్షి మా కచట గానరాలేదు. దానిని మనము సముద్రపక్షి యందుము. కాని శీతకాలమున మన తీరమునకు వచ్చు గోధుమరంగు తల గల్ పుట్టుట సముద్రమున గాదు; లడఖు, టిబెట్టు ప్రాంతములలో 3000 మీటర్లకు మించిన యెత్తుననున్న సరస్సుల యొద్ద. ఈ సంగతి యొక్కడు ఒక్కచోట గూర్చుండి కనుగొన్నది కాదు. పలువురు పలుచోట్ల వ్రాసిపెట్టిన దానిని కూర్చగా దేలినది.

ఆ వ్రాతల చరిత్ర యిట్టిది. మదరాసు రాజధానిలో వైద్యుడైన జెర్డన్ కొంతకాలము నెల్లూరున నుద్యోగము చేసెను. 1862 మొదలు 1864 వఱకు వెలువడిన ఆయన గ్రంథమున భారతదేశపు పక్షులకు దేశభాషా నామములతోపాటు తెలుగు పేరులును గలవు. 1929లో నారంభమైన వెర్నే పరిశోధనము తూర్పుకనుమల పక్షులను సేకరించెను. ఆ దినములలో పక్షి నెరుగుటయనగా తుపాకితో గొట్టి చర్మమును భద్రపఱచుట. 1959లో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘము, సాలిం ఆలీ నాయకత్వమున, పక్షుల కాళ్లకు కడియములు తొడిగి విడిచిపెట్టు పనికి బూనుకొనెను. 1987-88 సంవత్సరములలో రిప్లీ, బీలర్, విశాఖపట్టణపు కృష్ణరాజుగారలు విశాఖ కనుమల పక్షులనుగూర్చి ప్రకటించిరి.

సాధనములు మాఱినవి. కాని జెర్డనునకు తెలుగు పేరులను జెప్పినవారు వేటకాండ్రును వలలు పన్నువారును గాక మఱెవ్వరై యుందురు? వారెవ్వరో మన బడులలో నెవరికిని దెలియదు.

ఇతరుల నననేల? ఆనాడు మునుగుచు దేలుచు నుండిన యొక చిన్నపక్షికి ఆ వృద్ధుడు రెండు పేరులు చెప్పెను. మేము పుస్తకమున "గ్రీబ్" అని మాత్రము వ్రాసికొంటిమి. ఇల్లు చేరిన పిదప ఆ పేరులు జ్ఞప్తికి రాలేదు. అడిగిన దినముననే పోగొట్టుకొంటిమి!

కావున చదువరులారా, మీ పిల్లల చేతికి దుర్భిణికంటె ముందుగా నొక కాగితపు పుస్తక మిండు. తేది, చోటు, పక్షుల సంఖ్య, కూత, తెలుగు పేరు, ఆ పేరు చెప్పినవారెవరో, అన్నియు వ్రాయింపుడు. రాబోవు పుష్యమున మేము మరల తాజంగికి బోదుము. ఈమాఱు ముందుగా నా పేరులనే అడుగుదుము.