ప్రొఖోరోవ్కా లెక్కలు

మా పెదనాన్నగారి దృష్టిలో రెండో ప్రపంచయుద్ధం అంటే మూడే మూడు పేర్లు: స్టాలిన్‌గ్రాడ్, కుర్స్క్, బెర్లిన్. విజయవాడ విశాలాంధ్ర పుస్తకాల దుకాణంలో కొన్న మాస్కో ముద్రణ పుస్తకమొకటి ఆయన బీరువాలో ఎర్రట్టతో ఉండేది. కుర్స్క్ అధ్యాయం వచ్చినప్పుడల్లా "కురుక్షేత్రమేరా ఇది, పేరు కూడా కలిసింది" అనేవారు. ప్రొఖోరోవ్కా గ్రామం దగ్గర పదిహేనువందల ట్యాంకులు ఢీకొన్నాయనీ, గుళ్లు అయిపోయిన సోవియట్ ట్యాంకులు తలలతో టైగర్లను కుమ్మాయనీ చెబుతుంటే వేసవి రాత్రి ఆరుబయట మంచాలమీద పడుకుని నోరు తెరుచుకుని వినేవాళ్లం.

చాలా ఏళ్ల తరువాత డేవిడ్ గ్లాంజ్, జొనాథన్ హౌస్ కలిసి 1999లో వెలువరించిన కుర్స్క్ గ్రంథాన్ని చేతిలోకి తీసుకున్నాను. ఇది కథ చెప్పే పుస్తకం కాదు. పుటలకు పుటలు దళాల సంఖ్యలే. 29వ ట్యాంకు కోర్, అందులో 25, 31, 32 బ్రిగేడులు, ఏ గంటకు ఏ గుట్ట, ఏ వాగు. మొదటి యాభై పుటల్లో రెండుసార్లు నిద్రపోయానని ఒప్పుకోవడానికి సిగ్గుపడను. చివరికి కాగితంమీద పటం గీసుకుని, పెన్సిలుతో బాణాలు వేసుకుంటూ చదవడం మొదలుపెట్టాను. భీష్మపర్వం చదివిన ఓపిక ఉన్నవాడికి ఇదీ సాధ్యమే.

1943 జులై 5న జర్మన్లు ఉత్తరం నుంచి మోడెల్ సేననూ, దక్షిణం నుంచి హోత్ సేననూ నడిపి కుర్స్క్ ఉబ్బెత్తును పీక దగ్గర కోయబోయారు. సోవియట్లకు ఆ సంగతి ముందే తెలుసు. నెలల తరబడి కందకాలు తవ్వి, మందుపాతరలు నాటి, వరుస వెనుక వరుసగా కాచుకున్నారు. జర్మన్ల కొత్త ఆయుధం పాంథర్ ట్యాంకులు దాదాపు రెండువందలు తొలిరోజున బయలుదేరితే, పదో తేదీ సాయంత్రానికి పోరుకు పనికొచ్చే స్థితిలో మిగిలినవి పది ప్రాంతం. కొన్ని శత్రువు చేతిలో, కొన్ని మందుపాతరల మీద, మరెన్నో తమ యంత్రాల చేతిలోనే మూలనపడ్డాయి.

నన్ను కదలనివ్వనిది జులై 12. రోత్మిస్త్రోవ్ నాయకత్వంలోని 5వ గార్డ్స్ ట్యాంకు సైన్యం వందల కిలోమీటర్లు సొంత గొలుసులమీదే నడిచి వచ్చింది. దాడి మొదలుపెట్టాలనుకున్న స్థలాన్ని అంతకు ముందురోజే జర్మన్లు ఆక్రమించారు. అయినా ఆజ్ఞ మారలేదు. ఉదయం ఎనిమిదిన్నరకు ప్సెల్ నదికీ రైలుకట్టకూ మధ్యనున్న ఇరుకు నేలలో ట్యాంకులు బారులు తీరి పరుగెత్తాయి. టైగరు తుపాకి దూరం నుంచే చంపుతుంది, మన తుపాకి దగ్గరకు వెళితే తప్ప దాని కవచాన్ని ఛేదించదు, కనుక వేగమే రక్ష, అన్నది ఆలోచన. దారిలో ట్యాంకు నిరోధక కందకం ఒకటి అడ్డం వచ్చింది. సోవియట్ సైనికులు శత్రువు కోసం తవ్వుకున్నదే అది. ట్యాంకులు అందులో పడ్డాయి, దాటడానికి చోటు వెతుకుతూ పక్కకు తిరిగి జర్మన్ తుపాకులకు పక్కటెముకలు చూపాయి.

డెబ్బై టైగర్లు కూలాయని మా ఎర్రట్ట పుస్తకం చెప్పింది. ఆ ఉదయం అక్కడి జర్మన్ ఎస్.ఎస్. కోర్ మొత్తంలో నడిచే టైగర్లే పదిహేను! రష్యన్ చరిత్రకారుడు వలేరీ జములిన్ సోవియట్ దస్తావేజులనే తిరగేసి, రోత్మిస్త్రోవ్ సేన ఆ ఒక్క రోజున మూడువందలకు పైగా ట్యాంకులూ, ట్యాంకు తుపాకీ బళ్లూ పోగొట్టుకుందని తేల్చాడు. 2019లో బెన్ వీట్లీ అనే బ్రిటిష్ చరిత్రకారుడు, జర్మన్ విమానాలు పైనుంచి తీసిన ఛాయాచిత్రాలను వెలికితీసి, ఆ కందకం దగ్గర పడివున్న శకలాలను చూపించాడు.

ఇక్కడొక మెలిక ఉంది. జర్మన్ లెక్కల్లో "నష్టం" అంటే మరమ్మతుకు పనికిరాకుండా పోయినది మాత్రమే. గుండు తగిలి కదలలేకపోయిన ట్యాంకును రాత్రికి లాక్కుపోతే అది నష్టం కింద రాదు. యుద్ధభూమి ఎవరి చేతిలో మిగిలితే వాళ్లకే ఆ వెసులుబాటు. ఆ రాత్రి నేల జర్మన్లది. తరువాత అదే నేలను వదిలి వెనక్కి పోయారు గనుక, కర్మశాలల్లో సగం బాగుచేసిన బళ్లకూ నీళ్లొదులుకున్నారు. ఒక్కరోజు లెక్క పట్టుకుని జర్మన్లే గెలిచారనేవాళ్లు ఈ మాట ఎందుకో మరచిపోతుంటారు.

మనుషుల లెక్క చూడడానికి నాకు ధైర్యం ఆలస్యంగా వచ్చింది. క్రివోషేయెవ్ సంకలనం ప్రకారం జులై 5 నుంచి 23 వరకు (కురుక్షేత్రం కన్నా ఒక్కరోజు ఎక్కువ) రక్షణపోరులోనే సోవియట్ వైపు మరణించినవారు, జాడలేనివారు, పట్టుబడినవారు 70,330; గాయపడినవారితో కలిపితే 1,77,847. ఆగస్టు 23 దాకా ఎదురుదాడులన్నీ కలిపితే 8,63,303, ట్యాంకులు 6,064. జర్మన్ల నష్టం వాళ్ల దాడి సాగినన్నాళ్లు సుమారు 54,000 మంది. గెలిచినవాడు ఓడినవాడికన్నా ఇన్ని రెట్లు చెల్లించాడు. గెలిచాడన్నదీ నిజమే. ఆ తరువాత తూర్పున జర్మన్లు అంతటి దాడికి మళ్లీ దిగలేదు.

ఇదంతా పెదనాన్నగారికి చెప్పాలా వద్దా అని నెలరోజులు తటపటాయించాను. కంటి శుక్లాల ఆపరేషను తరువాత ఆయన అక్షరం చదవడం తగ్గింది. ఒక సాయంత్రం కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. టైగర్ల సంగతి దగ్గర నవ్వారు. కందకం సంగతి దగ్గర నవ్వలేదు.

"ఎవరు తవ్వింది అన్నావు?"

"వాళ్లే, పెదనాన్నా."

చాలాసేపు ఊరుకున్నారు. తరువాత బీరువా తాళం నా చేతికిచ్చి, ఎర్రట్ట పుస్తకం తీయించి, ఆ పుట వెతకమన్నారు.

"ఆ డెబ్బైవేల సంఖ్య పక్కన రాయి. పెన్సిలుతో. అచ్చులో ఉన్నది కొట్టెయ్యకు."

అంచున చోటు చాలక అడుగున రాశాను. సరిగ్గా రాశానో లేదో భూతద్దం తెప్పించుకుని, ఒక్కొక్క అంకె మీద వేలు పెట్టి చూసుకున్నారు.