సూక్ష్మపోషకాలు, నీరు: తెలుగునాట పోషకాహార శాస్త్ర చరిత్ర

విటమిన్లు, ఖనిజ లవణాలు, నీరు – ఈ మూడింటిలో ఏదీ శరీరానికి శక్తినివ్వదు. కేలరీల లెక్కలో వీటి విలువ సున్నా. అయినా పెద్దవారి శరీర బరువులో సుమారు 60 శాతం నీరే. ఎముక గట్టిదనం, నెత్తురు ఎరుపు, కంటిచూపు, నరాల పని అన్నీ మిల్లీగ్రాముల్లో, మైక్రోగ్రాముల్లో కొలిచే పదార్థాల మీద ఆధారపడి ఉంటాయి. పాఠ్యపుస్తకాల్లో వీటిని పట్టికగా వేసి ఒక్కో లోపానికి ఒక్కో జబ్బును జతచేస్తారు: విటమిన్ ఎ తగ్గితే రేచీకటి, బి1 తగ్గితే బెరిబెరి, సి తగ్గితే స్కర్వీ, అయోడిన్ తగ్గితే గాయిటర్. ఆ పట్టికలో తప్పేమీ లేదు. కాని జబ్బులు నిజంగా కాపురమున్న చోట్ల చరిత్రను చూస్తే, ఫలానా పదార్థం ఉందా లేదా అన్న ప్రశ్న ఒక్కటే ఎక్కడా చాలలేదు. అది ఏ ధాన్యంతో వచ్చింది, ఆ ధాన్యం ఏ మిల్లులో ఆడింది, ఏ నీళ్లలో ఉడికింది, పక్కన ఇంకేం తిన్నారు అన్నవే రోగాన్ని నిర్ణయించాయి. సర్కారు జిల్లాల బియ్యం, తెలంగాణ జొన్న, నల్లగొండ నీరు ఈ సంగతికి ప్రపంచ వైద్య సాహిత్యంలోకెక్కిన సాక్ష్యాలు.

ప్రాచీన కాలం నుంచి పద్దెనిమిదో శతాబ్ది దాకా ఆహారానికీ రోగానికీ సంబంధముందన్న ఎరుక అన్ని వైద్య సంప్రదాయాల్లోనూ ఉంది గాని, దాన్ని పరీక్షకు పెట్టినవారు అరుదు. 1747లో బ్రిటిష్ నౌకా వైద్యుడు జేమ్స్ లిండ్ స్కర్వీ సోకిన 12 మంది నావికులను ఆరు జతలు చేసి, ఒక జతకు నారింజ, నిమ్మ పండ్లు పెట్టి చూశాడు. ఆ జతే ముందుగా కోలుకుంది. జావాలోని బటేవియాలో డచ్చి వైద్యుడు క్రిస్టియాన్ ఐక్‌మన్ 1890లలో కోళ్లకు పాలిష్ పట్టిన బియ్యం పెట్టి బెరిబెరిలాంటి నరాల జబ్బు తెప్పించాడు, తవుడు పెట్టి తగ్గించాడు. తెల్లబియ్యంలో ఏదో విషముందని, తవుడు దానికి విరుగుడని ఆయన మొదట భావించాడు. విషం కాదు, లోటే కారణమని 1901లో గెరిట్ గ్రైన్స్ సరిదిద్దాడు. 1912లో కాసిమీర్ ఫంక్ ఈ తరహా పదార్థాలకు విటమిన్లని పేరు పెట్టాడు. ఆ తర్వాతి దశాబ్దాల్లో అవి ఒక్కొక్కటే వేరుపడి, రసాయన నిర్మాణంతో సహా తెలిసిపోయాయి.

ఈ కథలో దక్షిణ భారతం అధ్యాయం 1918లో మొదలవుతుంది. కూనూరు పాశ్చర్ సంస్థలో ఒక్క గదిలో రాబర్ట్ మెకారిసన్ బెరిబెరి పరిశోధనకు దిగాడు. అదే 1928 నాటికి పోషకాహార పరిశోధనాలయమై, 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. బెరిబెరి కోసం వెతికినవారి చూపు తిరిగి తిరిగి ఉత్తర సర్కారుల మీదే నిలిచింది. తీరం వెంబడి ఉన్న ఆ తెలుగు జిల్లాల్లో రోగం పాతుకుపోయి ఉంది. అన్నమే ప్రధానంగా తినే తమిళ, మలయాళ ప్రాంతాల్లో అంతగా లేదు. అన్నం తినడమే కారణమైతే అక్కడా రావాలి. తేడా వడ్ల తయారీలో దొరికింది. దక్షిణాన వడ్లను నానబెట్టి, ఆవిరికి ఉడికించి, ఎండబెట్టి ఆడిస్తారు; అదే ఉప్పుడు బియ్యం. అలా ఉడికేటప్పుడు పైపొరల్లోని థయమిన్, అంటే బి1, నీటిలో కరిగి గింజ లోపలికి దిగుతుంది. ఆ తర్వాత మిల్లులో ఎంత తెల్లగా పట్టినా, వండేముందు కడిగినా చాలా వరకు లోపలే నిలుస్తుంది. సర్కారుల్లో తినేది పచ్చి బియ్యం. రోలు, రోకలి ఉన్నంతకాలం దంపుడు బియ్యం మీద కొంత తవుడు మిగిలేది. మరమిల్లులు వచ్చాక అది పూర్తిగా ఊడిపోయింది. మిగిలిన కాస్త థయమిన్ కడిగిన కుడితిలోకి, వార్చిన గంజిలోకి పోయింది. గంజి తాగిన ఇంటికీ పశువుల తొట్లో పోసిన ఇంటికీ మధ్య కూడా ఇక్కడ పోషకాల తేడా ఉంది. మెకారిసన్, నారిస్‌లు 1924లో ప్రచురించిన పరిశీలన, కూనూరులోని ఎక్‌రాయిడ్ బృందం 1940లో బియ్యం సమస్యపై వెలువరించిన గ్రంథం ఈ విషయాన్ని గట్టిపరిచాయి. మరుసటి ఏడు ఎక్‌రాయిడ్, కృష్ణన్‌లు ఇదే ప్రాంతంలో శిశుమరణాలను పరిశీలించారు: తల్లి తినే అన్నంలో లోటుంటే తల్లిపాలే తాగే బిడ్డకూ ప్రమాదమేనన్నది అందులోని సారాంశం. ఉప్పుడు బియ్యానికి మారమని చెప్పడం తేలికే. దాని వాసన, ముతక రుచి సర్కారువారికి గిట్టవు. ఎనభై ఏళ్ల తర్వాత, 2021–22లో, తెలంగాణ యాసంగి ధాన్యాన్ని ఉప్పుడు బియ్యంగా కొనాలా వద్దా అని కేంద్రానికీ రాష్ట్రానికీ పెద్ద రగడే నడిచింది. ఆ వాదమంతా నూకల శాతం చుట్టూ, గోదాముల్లో నిల్వల చుట్టూ తిరిగింది.

థయమిన్‌ను చివరికి ప్రయోగశాలలో తయారుచేసిన రసాయన శాస్త్రవేత్త నెల్లూరులో పుట్టినవాడు కావడం ఈ చరిత్రలోని ముచ్చట. బాప్టిస్టు మిషనరీల కుమారుడు రాబర్ట్ విలియమ్స్ 1886లో అక్కడ జన్మించాడు. 1910లో మనీలాలో అమెరికా సైనిక వైద్యుడు ఎడ్వర్డ్ వెడర్ తవుడు కషాయంలో బెరిబెరిని మాన్పే పదార్థమేదో తేల్చమని అతనికి పని అప్పగించాడు. తర్వాత బెల్ సంస్థ ప్రయోగశాలల్లో ఉద్యోగం చేస్తూ, తీరిక వేళల్లో ఆ వేట కొనసాగించి, 1936లో థయమిన్‌ను కృత్రిమంగా నిర్మించాడు. అతని తమ్ముడు రోజర్ విలియమ్స్, ఉదకమండలంలో పుట్టినవాడు, పాంటోథెనిక్ ఆమ్లాన్ని కనుగొన్నాడు. 1941లో సహచరులతో కలిసి టన్నులకొద్దీ పాలకూర నుంచి ఫోలిక్ ఆమ్లాన్ని రాబట్టి ఆ పేరు పెట్టిన ముగ్గురిలో ఒకడు. ఆ విటమిన్ ఆనవాలు మొదట బొంబాయిలో చిక్కింది. అక్కడి గర్భిణుల్లో కనబడే ఒక రకం రక్తహీనత ఈస్టు సారంతో తగ్గుతోందని వైద్యురాలు లూసీ విల్స్ 1931లో ప్రకటించింది. చివరి మెట్టు ఎక్కినది భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని లెడర్లీ ఔషధ సంస్థ బృందం. 1945లో వారు ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించారు. సుబ్బారావు సోదరులిద్దరు స్ప్రూ వ్యాధికి బలయ్యారు. ఫోలిక్ ఆమ్లం లోటును కలిగించే జబ్బుల్లో స్ప్రూ ఒకటి. ఫోలిక్ ఆమ్లం పనికి ముందే, 1925లో జీవరసాయన శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి ఆయన రూపొందించిన భాస్వరం కొలిచే పద్ధతి ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో నిలదొక్కుకుంది. కొలత లేనిదే ఖనిజాల గురించి ఏ మాటా నిలవదు గనుక, ఫోలిక్ ఆమ్లం కీర్తి నీడలో పడిన ఈ పనికి ఇంకాస్త పేరు రావలసింది.

శుద్ధ పదార్థాన్ని వేరుచేయడం తోటే ప్రశ్న ముగియలేదనడానికి పెల్లాగ్రా సాక్ష్యం. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొరలు లేవడం, విరేచనాలు, మతిచలనం దాని లక్షణాలు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మొక్కజొన్న మీద బతికే పేదలకు అది వస్తుందని, అంటురోగం కాదని వైద్యుడు గోల్డ్‌బర్గర్ చూపాడు. నికోటినిక్ ఆమ్లమే మందని 1937లో జీవరసాయన శాస్త్రవేత్త ఎల్వేజెమ్ తేల్చాడు. మొక్కజొన్నలోని నియాసిన్ ఒంటికి పట్టని రూపంలో ఉంటుంది, దాన్ని ఒంట్లోనే తయారుచేసుకోవడానికి కావలసిన ట్రిప్టోఫాన్ కూడా తక్కువ కాబట్టి లెక్క సరిపోయింది. కాని తెలంగాణలో మొక్కజొన్న కాదు, జొన్న గటక, జొన్న రొట్టె తినే కూలీలకు పెల్లాగ్రా వచ్చేది. జొన్నలో ట్రిప్టోఫాన్ అంత తక్కువేమీ కాదు. 1960లో గోపాలన్, శ్రీకంఠయ్యలు హైదరాబాదు పరిశోధనాలయం నుంచి మరో కారణం సూచించారు: జొన్నలో ల్యూసిన్ అనే మరో అమైనో ఆమ్లం మోతాదుకు మించి ఉండి, శరీరం నియాసిన్ తయారుచేసుకునే దారిని అడ్డుకుంటోందని. ఇతర దేశాల ప్రయోగాలన్నీ దీన్ని సమర్థించలేదు, వివాదం పూర్తిగా తెగలేదు. అయినా, లోపమంటే తక్కువ తినడమే కాదు, పక్కనున్నది ఎక్కువ తినడం కూడా కావచ్చన్న ఆలోచన హైదరాబాదు ఇచ్చిన విలువైన కానుక.

ఈ వాదన అత్యంత స్పష్టంగా నిలబడేది నీటి విషయంలో. దాహం తీర్చే నీరు ఖనిజాలను మోసుకొచ్చే ఆహారం కూడా. కొద్దిపాటి ఫ్లోరైడ్ పళ్లకు మేలు, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు, మరింతైతే ఎముకలు, కీళ్లు బిగుసుకుపోవడం. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అప్పటి నెల్లూరు జిల్లాలో, ఇప్పటి ప్రకాశంలోని దర్శి, పొదిలి వైపు ఈ రోగాన్ని గుర్తించారు. మెడ తిప్పలేక, నడుము వంగక కూర్చున్న మనుషుల ఊళ్లు అవి. కొన్నేళ్లకు వెలువడిన మరో పరిశీలన, రోగ తీవ్రతకు తిండిలోని లోట్లతో కూడా సంబంధముందని సూచించింది. 1973లో కృష్ణమాచారి, కృష్ణస్వామి నల్లగొండ ప్రాంతంలో కొత్త రూపం చూశారు: ఎదిగే పిల్లల మోకాళ్లు లోపలికి వంగి, నడుస్తుంటే ఒకదానికొకటి రాసుకోవడం. నాగార్జునసాగర్ కట్టాక భూగర్భ జలమట్టం పెరిగి, నేల క్షారగుణం మారి, అక్కడి జొన్నలో మాలిబ్డినం పెరిగి, అది ఒంట్లోని రాగిని తగ్గిస్తోందన్న వివరణ ఆ తర్వాత వచ్చింది. అది రుజువైన సిద్ధాంతమని చెప్పడం కష్టమే గాని, ఫ్లోరైడ్ ఒక్కటే కాక ఆనకట్ట, పంట, వంట కలిసి పనిచేశాయని తలచడం అప్పటికి కొత్త. దీనికి తోడు మోతాదు లెక్క కూడా ఊరిని బట్టి మారుతుంది. వేసవిలో పొలం పని చేసేవారు చల్లటి దేశంవారికంటే రెట్టింపు నీళ్లు తాగుతారు. చెంబులో ఫ్లోరైడ్ అంతే ఉన్నా ఒంట్లోకి చేరేది రెట్టింపు. ఉప్పు, చక్కెర కలిపిన నీరు అతిసారానికి మందుగా పనిచేయడంలోనూ పక్కనున్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుందన్న సూత్రముంది. ఉత్త నీళ్లు నిలవని పేగులో గ్లూకోజు సోడియంను, సోడియం నీటిని లోపలికి లాగుతాయి. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో వైద్యుడు దిలీప్ మహలనబిస్ ఆ మిశ్రమంతోనే వేలమందిని కాపాడారు.

ఫ్లోరైడ్‌ను తొలగించేందుకు నాగపూరు పర్యావరణ సంస్థ రూపొందించిన నల్లగొండ పద్ధతిలో నీటిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి వేసి కలిపి, తేరనిచ్చి, పై నీటిని వంపుకుంటారు. అందులో రసాయనం చక్కగానే ఉంది. కాని పటిక మోతాదు ప్రతి బోరుకూ మారుతుంది, రోజూ ఎవరో ఒకరు ఓపికగా కలపాలి, అడుగున పేరుకున్న బురదను ఎక్కడో పారబోయాలి. ఎక్కువ ఊళ్లలో అది కుదరలేదు. చివరికి బోరునే వదిలి కృష్ణా నీటిని పైపుల్లో తేవడమే మార్గమైంది. 2016లో మొదలైన మిషన్ భగీరథ ఆ దారిలోనిదే.

ఇంతవరకు చెప్పిన వాదనకు గట్టి అభ్యంతరమే ఉంది. దారులు, తోడులు అంటూ తిరిగితే ఆలస్యం తప్ప ఒరిగేదేముంది, ఒక్క పదార్థం ఇచ్చి లక్షల మందిని కాపాడిన చరిత్ర కళ్లముందుందిగా అని. నిజమే. శ్రీకాకుళంలో పుట్టి విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామి 1956 నుంచి హిమాలయాల్లోని కాంగ్రా లోయలో అయోడిన్ ఉప్పును పరీక్షించారు. మామూలు ఉప్పు తిన్న భాగంలో గాయిటర్ అలాగే ఉండగా, అయోడిన్ ఉప్పు తిన్న చోట బాగా తగ్గింది. 1962లో జాతీయ కార్యక్రమం దాని మీదే మొదలైంది. హైదరాబాదు ప్రయోగాల ఆధారంగా 1970లో పిల్లలకు ఆర్నెల్లకోసారి 2 లక్షల యూనిట్ల విటమిన్ ఎ మోతాదు ఇచ్చే పథకం వచ్చింది. అయితే ఈ విజయాల లోపలి లెక్క చూడాలి. అయోడిన్ కొండనేలల్లోనే కొట్టుకుపోయింది, ఆ నేలలో పండేది ఏది తిన్నా దొరకదు. కాబట్టి బయటినుంచి తేవలసిందే. అది కూడా మాత్రగా కాక అందరి ఇళ్లలో ఉండే ఉప్పు దారిలోనే వచ్చింది. విటమిన్ ఎ సంగతి వేరు. మునగాకు, తోటకూర, బొప్పాయి దొరికే నేల మీద అది తాత్కాలిక ఏర్పాటుగా ఉండవలసింది. అందరికీ అలాగే కొనసాగించడాన్ని తర్వాతి రోజుల్లో గోపాలనే తప్పుబట్టారు. పథకం పుట్టిన సంస్థకు సారథ్యం వహించిన మనిషే ఆ మాట అనడంలో నిజాయితీ ఉంది.

మరో అభ్యంతరం ఇంకా పదునైనది. మిల్లే నేరస్థురాలైతే, ఈరోజు ఊరూరా అంతకంటే తెల్లని బియ్యం తింటున్నారు, మరి సర్కారుల్లో బెరిబెరి ఎందుకు లేదు? పెల్లాగ్రా ఎందుకు కనుమరుగైంది? వీటికోసం ఏ ప్రత్యేక మందు పంపిణీ జరగలేదు. అన్నం పక్కన పప్పు, కూర, పాలు, గుడ్డు కొంతైనా చేరాయి. జొన్న ఒక్కటే గతిగా ఉన్న ఇళ్లకు బియ్యం, గోధుమ అందాయి. లోటు గింజలో అలాగే ఉంది, కంచం మారింది. రక్తహీనత మాత్రం ఆ మార్పుకు లొంగలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8, తెలంగాణలో 57.6 శాతం మందికి అది ఉంది. ధాన్యాల్లోని ఫైటేట్లు ఇనుమును పట్టి ఉంచుతాయి, మాంసం, నిమ్మరసం లాంటి తోడు ఉంటేనే అది ఒంటికి పడుతుంది. ప్రభుత్వం ఎంచుకున్న దారి రేషన్ బియ్యం. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి తయారుచేసిన గింజలను వందకు ఒకటి చొప్పున మామూలు బియ్యంలో కలుపుతూ వచ్చారు. 1940ల చివర్లో ఫిలిప్పీన్స్‌లోని బటాన్‌లో రాబర్ట్ విలియమ్స్ ప్రోద్బలంతో థయమిన్ కలిపిన బియ్యం పంచి బెరిబెరి మరణాలు తగ్గించిన పద్ధతికి ఇది వారసురాలు. నీళ్లలో తేలే ఆ గింజలను చూసి ప్లాస్టిక్ బియ్యమని జనం భయపడి ఏరి పారేసిన సందర్భాలు ఉన్నాయి. బియ్యం పాలిష్‌లో పోయేది ముఖ్యంగా థయమిన్. తప్పనిసరిగా కలపాల్సిన మూడింటిలో అది లేదు, ఐచ్ఛికాల జాబితాలో ఉంది.